ఖాతాకూ ఒక నడక ఉంటుంది

హైదరాబాద్‌లో మా లాలాపేటకు ఆనుకునే లాలాగూడ. నిజాం కాలంలో, 1893లో మొదలైన రైల్వే క్యారేజీ వర్క్‌షాపు అక్కడ ఇప్పటికీ నడుస్తోంది. మా వీధిలో రైల్వే జీతాల మీద బతికిన కుటుంబాలు చాలా ఉండేవి. రిటైరైన ఒక పెద్దాయన సాయంత్రాలు అరుగు మీద కూర్చుని, చేతిలో సుత్తి ఉన్నట్టు గాలిలో కొట్టి చూపిస్తూ పాత కబుర్లు చెప్పేవాడు. పొడుగు కర్రకు బిగించిన సుత్తితో, ఆగి ఉన్న రైలు చక్రాలను ఒక్కొక్కటే తట్టుకుంటూ పోవడం ఆ రోజుల్లో ఒక పని.

"చక్రం మాట్లాడతది బిడ్డా. మంచిగుంటే గంట కొట్టినట్టు మోగుతది. లోపల పగులుంటే బొంగురుగా అంటది."

"పగుళ్లు ఎన్ని రకాలుంటయి తాతా?" అని అడిగాను.

"అవన్నీ నాకెందుకు? మంచి చక్రం ఎట్ల మోగుతదో చెవికి తెలిస్తే చాలు. అట్ల మోగకపోతే బండి ఆపి చూస్తం."

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ చెవి చేసిన పనిని ఇవాళ ఒక కంప్యూటర్ ప్రోగ్రామ్ చేస్తోంది. అది ఉద్యోగుల లాగిన్ ఖాతాలను తట్టి వింటుంది.

లాలాపేట నుంచి తార్నాక, హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వెళ్తే ఐటీ, బీపీఓ కంపెనీల భవనాలు కనిపిస్తాయి. వరంగల్ రోడ్డు పట్టుకుని ఇంకా ముందుకు పోతే పోచారంలో ఇన్ఫోసిస్ క్యాంపస్. ఇటు నాచారం పారిశ్రామికవాడ. చీకటి పడ్డాక మా సందుల్లోకి క్యాబులు వచ్చి హారన్ కొడతాయి. అమెరికాలో తెల్లవారుతుంటే ఇక్కడ షిఫ్ట్ మొదలవుతుంది. ఆ క్యాబు ఎక్కే పిల్లల్లో ప్రతి ఒక్కరికీ ఒక యూజర్ నేమ్, ఒక పాస్‌వర్డ్. ఆ ఖాతా ఎన్నింటికి తెరుచుకుంది, ఏ కంప్యూటర్ నుంచి తెరుచుకుంది, ఏ సర్వర్ తలుపు తట్టింది, ఏ ఫైళ్లు తీసింది, ఎంత డేటా దింపుకుంది, పాస్‌వర్డ్ ఎన్నిసార్లు తప్పు కొట్టింది, ఇవన్నీ ఎక్కడో ఒక చిట్టాలో పడుతూనే ఉంటాయి. దాన్నే లాగ్ అంటారు.

పాస్‌వర్డ్ తాళంచెవి లాంటిది. అది దొంగ చేతిలో పడితే తలుపుకు తేడా తెలియదు. ఎవరు తిప్పినా తెరుచుకుంటుంది. కానీ ఇంట్లో మంచాన ఉన్న ముసలమ్మకు తెలుస్తుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినగానే, వచ్చింది మనవడు కాదని కళ్లు తెరవకుండానే చెబుతుంది. కంప్యూటర్‌కు ఆ ముసలమ్మ చెవిని ఎలా పెట్టాలన్న ప్రశ్న నుంచి పుట్టిందే ఈ యంత్రం.

దాని జాతకం 1980లో మొదలవుతుంది. అప్పట్లో పెద్ద సంస్థల కంప్యూటర్లంటే గదంత యంత్రాలు. ఒక్కో యంత్రాన్ని ఎంతోమంది పంచుకుని వాడేవాళ్లు. ఎవరు ఎంతసేపు వాడారో చిట్టా రాసేవాళ్లు, అదీ ఎక్కువగా బిల్లు వేసుకోవడానికి. అమెరికాలో జేమ్స్ పి. ఆండర్సన్ అనే భద్రతా నిపుణుడు ఆ ఏడాది ఒక నివేదిక రాసి, దొంగ జాడ ఈ చిట్టాల్లోనే ఉందని చెప్పాడు. కట్టలు కట్టలుగా పడే ఆ కాగితాలను మనిషి చదవలేడు గనుక యంత్రం చేతనే చదివించాలన్నాడు. లోపలి శత్రువులను ఆయన విడదీసిన తీరు నేటికీ పనికొస్తుంది. ఇంకొకరి పేరుతో లోపలికి వచ్చే మారువేషగాడు ఒకడు. తన పేరుతోనే వచ్చి, తనకిచ్చిన అధికారాన్నే అడ్డదారికి వాడేవాడు ఇంకొకడు. చిట్టాకే చిక్కకుండా తిరిగేవాడు మూడోవాడు. మారువేషగాడి వాడకం అసలు మనిషి అలవాటుకు ఎక్కడో ఒకచోట తేడా కొడుతుంది, ఆ తేడాతోనే వాణ్ణి పట్టుకోవాలని ఆండర్సన్ సూచించాడు.

ఆ సూచనకు ఒళ్లూ ఎముకలూ ఇచ్చినామె డొరతీ డెనింగ్. కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో ఎస్‌ఆర్‌ఐ ఇంటర్నేషనల్ అనే పరిశోధన సంస్థలో, పీటర్ న్యూమన్‌తో కలిసి 1980ల నడిమిలో ఆమె ఐడీఈఎస్ అనే వ్యవస్థకు రూపకల్పన చేసింది. దాని వెనక ఉన్న నమూనాను 1986లో ఒక సదస్సులో వినిపించింది. 1987 ఫిబ్రవరిలో అది పత్రికలో అచ్చయింది. ఈ రంగంలో పని చేసే ఎవరైనా ఇప్పటికీ ఆ వ్యాసం దగ్గరి నుంచే మొదలుపెడతారు. ప్రతి వినియోగదారుకూ ఒక ప్రొఫైల్, అంటే అలవాట్ల పట్టీ ఉండాలన్నది ఆమె ఆలోచన. కొత్తగా జరిగే ప్రతి పనినీ ఆ పట్టీతో పోల్చి, బాగా దూరంగా ఉంటే గంట కొట్టాలి.

దూరమంటే ఎంత? రోజూ సగటున 40 ఫైళ్లు తెరిచే ఉద్యోగి ఒకరోజు 55 తెరిచాడనుకోండి. పెరిగింది 15. ఆ ఒక్క సంఖ్య చూసి ఏమీ చెప్పలేం. అతని రోజువారీ హెచ్చుతగ్గులు మామూలుగా ఎంతో కూడా తెలియాలి. ఎప్పుడూ 38కీ 42కీ మధ్యనే ఉండే మనిషికి 55 పెద్ద మాట. నెలాఖరుకు 90 దాకా పోయే మనిషికి అది లెక్కలోకే రాదు. సగటుతో పాటు చెదురును కూడా కొలవడం గణాంకశాస్త్రంలో తొలి పాఠం. డెనింగ్ ఆ పాఠాన్నే తీసుకొచ్చి ఖాతాలకు కాపలా పెట్టింది.

ఆమె వ్యాసం వెలువడుతున్న ఆ రోజుల్లోనే, అదే కాలిఫోర్నియాలో, ఇలాంటి యంత్రం సాయమేమీ లేకుండా ఒక మనిషి ఈ పని చేసి చూపించాడు. 1986 ఆగస్టులో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రవేత్తకు కంప్యూటర్ లెక్కల్లో 75 సెంట్ల తేడా సరిచూసే పని అప్పగించారు. డాలరులో ముప్పావు వంతు. ఎవరైనా పోనీలే అని ఊరుకునే మొత్తం. స్టోల్ ఊరుకోలేదు. తవ్వుతూ పోతే బిల్లు ఎవరికి పంపాలో తెలియని ఒక ఖాతా బయటపడింది. ఆ తర్వాత, అప్పటికి ఇంగ్లండ్‌లో ఉన్న ఒక మాజీ సహోద్యోగి ఖాతా ఇక్కడ మెలకువగా తిరుగుతూ కనిపించింది. అన్నిటికన్నా నాకు నచ్చేది ఇంకొక చిన్న ఆనవాలు. ఆ దొంగ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక ఆదేశాన్ని టైపు చేసిన తీరులో ఒక అక్షరం ఎక్కువ పడింది. బర్క్‌లీలో యూనిక్స్ నేర్చినవాళ్లకు ఆ అక్షరంతో అవసరం లేదు. ఏటీ అండ్ టీ రకం యూనిక్స్ నేర్చినవాళ్లకు అది చేతి అలవాటు. స్టోల్ పక్కన పనిచేసే ఆయన అది చూసి, ఈ ఖాతాలో ఉన్నవాడు మన ప్రాంతం మనిషి కాదని తేల్చాడు. మాట యాస పట్టి ఊరు చెప్పినట్టే! ఆ వేట నెలల తరబడి సాగి, చివరికి జర్మనీలోని హనోవర్‌లో మార్కస్ హెస్ అనే వ్యక్తి దగ్గర ముగిసింది. అతనూ అతని జట్టూ దొంగిలించిన సమాచారాన్ని సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీకి అమ్ముతున్నారు.

ఇక్కడ ఒక తెలుగువాడి దగ్గర ఆగాలి. ఈ యంత్రం కథ చెప్పేవాళ్లు చాలామంది ఆయన్ను దాటేసి పోతారు, అది నాకు బాధ.

పైన చెప్పిన సగటు, చెదురు లెక్కకు ఒక లోపం ఉంది. అది ఒక్కో కొలతను విడివిడిగా చూస్తుంది. రాత్రి రెండింటికి లాగిన్ కావడం మా ఉప్పల్ షిఫ్టుల్లో మామూలే. ఒకేసారి 500 ఫైళ్లు దింపుకోవడం కూడా కొందరికి మామూలే, నెలాఖరు రిపోర్టులప్పుడు. కానీ పగటిపూట పనిలో మాత్రమే అన్ని ఫైళ్లు తీసే మనిషి, రాత్రి రెండింటికి అన్ని ఫైళ్లు తీస్తే? రెండు కొలతల్లో ఏదీ విడిగా వింత కాదు. రెండూ కలిసి రావడం వింత. కొలతలు ఒకదానితో ఒకటి ఎలా కలిసి నడుస్తాయో చూసి దూరం లెక్కగట్టే సూత్రాన్ని 1936లో కలకత్తాలో ప్రశాంతచంద్ర మహలనోబిస్ ప్రకటించారు. ఆయన దాన్ని తయారు చేసుకున్నది మనుషుల ఒడ్డూ పొడుగూ, తల కొలతలూ పోల్చి, ఏ సమూహం ఏ సమూహానికి ఎంత దగ్గరో తెలుసుకోవడానికి. ప్రపంచమంతా ఇప్పుడు దాన్ని మహలనోబిస్ దూరం అనే పిలుస్తుంది.

ఆ దూరాన్ని చేతబట్టుకుని సముద్రం దాటినవాడు కల్యంపూడి రాధాకృష్ణారావు. 1920లో హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామలలో చదివి, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ముగించి, కలకత్తాలో మహలనోబిస్ దగ్గర చేరాడు. 1946లో కేంబ్రిడ్జి నుంచి పిలుపొచ్చింది. సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వి తీసిన పురాతన అస్థిపంజరాల కొలతలను ఈ కొత్త పద్ధతిలో పరిశీలించాలి. పగలు మ్యూజియంలో ఎముకలు. దాంతో పాటే గణాంక శాస్త్రవేత్త ఆర్.ఏ. ఫిషర్ దగ్గర డాక్టరేటు. అంతకు ముందే, 1945లో, పాతికేళ్లు నిండీ నిండని వయసులో రాసిన ఒకే ఒక వ్యాసంతో ఆయన పేరు గణాంకశాస్త్రంలో స్థిరపడిపోయింది. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకుని, అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ల వయసులో అమెరికాలో కన్నుమూశారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో ఆయన పేరుతో గణిత, గణాంక, కంప్యూటర్ శాస్త్రాల సంస్థ ఉంది. ఈ ఎముక ఆ గుంపుదేనా అని అడగడానికీ, ఈ లాగిన్ ఆ మనిషిదేనా అని అడగడానికీ గణితంలో తేడా చాలా తక్కువ.

మనిషిని అతని నిన్నటితో పోల్చడం ఒక ఎత్తు, పక్కవాళ్లతో పోల్చడం ఇంకో ఎత్తు. లాలాపేట అంటే నగరంలో చాలామందికి గుర్తొచ్చేది విజయ డెయిరీ. ఆ పాలు ఊళ్లలోని సేకరణ కేంద్రాల నుంచి వస్తాయి. ఒక రైతు బర్రె పాలలో వెన్న శాతం రోజూ 7 దగ్గర ఉండి, ఒక్కరోజు 5కి పడితే రాసుకునేవాడు తలెత్తి చూస్తాడు. అదే రోజు ఊరందరి పాలలోనూ వెన్న తగ్గితే మాత్రం, మేత మారిందేమో, ఎండ దెబ్బేమో అనుకుంటాడు, నీళ్లు కలిపారని అనడు. యంత్రానికీ ఈ ఇంగితం నేర్పారు. అకౌంట్స్ విభాగంలో ఒక ఖాతా మాత్రమే ఆదివారం పని చేస్తే గంట మోగాలి. విభాగం మొత్తం ఆదివారం పని చేస్తే అది మార్చి నెలాఖరు.

2000 తర్వాత లాగులు కొండలుగా పెరిగాయి. మనిషి కూర్చుని నియమాలు రాసే పద్ధతి వాటికి సరిపోలేదు. నియమాలను లాగుల నుంచి యంత్రమే నేర్చుకునే పద్ధతులు వచ్చాయి. వాటిలో ఒకటి అందంగా ఉంటుంది. 2008లో ఫీ టోనీ లియు, కై మింగ్ టింగ్, ఝి-హువా ఝౌ అనే ముగ్గురు ప్రకటించిన ఐసొలేషన్ ఫారెస్ట్. పేరులో అడవి ఉన్నా ఆట చిన్నపిల్లలది. పొద్దున ఎనిమిదిన్నరకు లాలాపేట బస్టాపులో నిలబడ్డ యాభై మందిని ఊహించుకోండి. ఏదో ఒక ప్రశ్న గాలివాటుగా వేయండి. వయసు ముప్పై దాటిందా? భుజాన బ్యాగుందా? అవునన్నవాళ్లు ఒక పక్కకు, కాదన్నవాళ్లు ఇంకో పక్కకు. ప్రతి గుంపులోనూ మళ్లీ ఒక ప్రశ్న. ఒకరినొకరు పోలిన కాలేజీ పిల్లల్లోంచి ఒక్కణ్ణి విడదీయాలంటే ఎన్నో ప్రశ్నలు పడతాయి. నుదుట బాసికంతో నిలబడ్డ పెళ్లికొడుకు ఒకటి రెండు ప్రశ్నలకే విడిపోతాడు. ఇలాంటి ప్రశ్నల చెట్లు వంద వేసి, ఎవరు సగటున ఎంత త్వరగా ఒంటరి అయ్యారో చూస్తే చాలు. వింత అంటే ఏమిటో యంత్రానికి ఎవరూ చెప్పనక్కర్లేదు, దొంగల ఫొటోలు చూపించనక్కర్లేదు.

ఇంకో పద్ధతి న్యూరల్ నెట్‌వర్క్‌లది. ఏళ్ల తరబడి రోజూ ముగ్గు వేసే ఇల్లాలికి, అలవాటైన ముగ్గును ఒక్కసారి చూపించి మూసేసినా మళ్లీ వేయగలదు. ఎన్నడూ చూడని ముగ్గు చూపిస్తే ఎక్కడో గీత తప్పుతుంది. ఖాతా రోజువారీ నడకను కుదించి గుర్తు పెట్టుకుని, మళ్లీ గీయమని నెట్‌వర్క్‌ను అడుగుతారు. గీసిన బొమ్మకూ అసలుకూ తేడా ఎక్కువైతే, ఆ రోజు నడక కొత్తదన్నమాట. 2015 నాటికి గార్ట్‌నర్ అనే ఐటీ పరిశోధన సంస్థ ఈ మొత్తం సంతతికి యూఈబీఏ అని పేరు పెట్టింది. మనుషుల ఖాతాలతో పాటు సర్వర్ల, యంత్రాల నడకనూ అందులో చేర్చారు.

ఇంత చదువుకున్న యంత్రం లేనిచోట ఏమవుతుందో హైదరాబాద్ కళ్లారా చూసింది.

2022 జనవరిలో ఒక వారాంతం. ఏపీ మహేష్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు సర్వర్లలోకి చొరబడ్డ ముఠా 12 కోట్ల 48 లక్షల రూపాయలు తరలించుకుపోయింది. అప్పటి నగర పోలీస్ కమిషనర్ సి.వి. ఆనంద్ మార్చి నెలాఖరులో వెల్లడించిన వివరాలు చదివితే కడుపు తరుక్కుపోతుంది. దొంగలు వచ్చింది జనవరిలో కాదు. అంతకు ముందు నవంబర్‌లోనే బ్యాంకు సిబ్బందికి 200కు పైగా ఫిషింగ్ ఈ-మెయిళ్లు వచ్చాయి. ఇద్దరు ఉద్యోగులు వాటిని తెరిచారు. దాంతో దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపించే ట్రోజన్ ఒకటి లోపల దిగింది. అక్కడి నుంచి మెల్లగా పాకుతూ, బ్యాంకు లెక్కలను శాసించే సూపర్ యూజర్ ఖాతాల దాకా చేరారు. ముందే సిద్ధం చేసుకున్న కొన్ని ఖాతాల్లోకి డబ్బు పంపారు. అక్కడి నుంచి 115 ఖాతాలకు, వాటి నుంచి 398 ఖాతాలకు చీల్చి, దేశమంతటా 938 ఏటీఎంలలో డ్రా చేయించారు.

ఆ రెండు నెలలను తలుచుకోండి. ఏ తాళమూ పగలలేదు, వాడినవన్నీ అసలు తాళంచెవులే. ఈ పనికి పెట్టిన యంత్రం వెతికే గుర్తులు ఇలా ఉంటాయి: ఎప్పుడూ తన కౌంటర్ సాఫ్ట్‌వేర్ తప్ప వేరేది ముట్టని ఉద్యోగి కంప్యూటర్ ఉన్నట్టుండి కీలక సర్వర్లను పలకరించడం, నిర్వాహక ఖాతా తనది కాని కంప్యూటర్ నుంచి తెరుచుకోవడం, సెలవు రోజున ఆ ఖాతా మెలకువగా ఉండటం, ఎన్నాళ్లుగానో నిద్రపోతున్న ఖాతాలోకి కోట్లు వచ్చి పడటం. వినే చెవి ఒకటి ఉండి ఉంటే డబ్బంతా ఆగేదని ప్రమాణం చేయలేను. కానీ రెండు నెలల పాటు బొంగురు చప్పుడు రాలేదంటే మాత్రం నమ్మను. సైబర్ భద్రత నియమాలు పాటించనందుకు 2023లో రిజర్వు బ్యాంకు ఈ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా వేసింది. అంతకు ముందు, 2018 ఆగస్టులో, పుణెలోని కాస్మోస్ సహకార బ్యాంకు 94 కోట్లు పోగొట్టుకుంది. చిన్న వ్యాపారులూ, రిటైరైనవాళ్లూ నమ్మి దాచుకునే చోటు సహకార బ్యాంకు. పెద్ద ఐటీ కంపెనీల కన్నా ముందు ఈ యంత్రం అక్కడికి వెళ్లాలి.

అయితే యంత్రాన్ని తెచ్చి పెట్టగానే పని అయిపోదు. దాని అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. కంపెనీలో 10,000 మంది ఉన్నారు. ఒక్కొక్కరి ఖాతా రోజుకు వంద పనులు చేస్తుందనుకుంటే మొత్తం 10 లక్షల పనులు. యంత్రం చాలా తెలివైనది, వెయ్యిలో ఒక్కసారే పొరపడుతుంది. అయినా రోజుకు 1,000 తప్పుడు అలర్టులు! వాటి మధ్య నిజమైన దొంగ అడుగు ఒక్కటి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అరుదైనదాన్ని వెతికేటప్పుడు చిన్న పొరపాటు రేటు కూడా పని మొత్తాన్ని ముంచేస్తుందని స్వీడన్‌లోని చామర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టెఫాన్ ఆక్సెల్సన్ 1999లోనే లెక్కగట్టి చూపించాడు. భద్రతా పర్యవేక్షణ కేంద్రాల్లో రాత్రి షిఫ్ట్ చేసే కుర్రాళ్లను అడిగితే ఇది లెక్కగా కాదు, కళ్ల మంటగా చెబుతారు. తెర మీద వరసగా అలర్టులు, ఒక్కొక్కటి తెరవడం, ఫాల్స్ పాజిటివ్ అని రాసి టికెట్ క్లోజ్ చేయడం. నాలుగు వందలు మూసిన చెయ్యి నాలుగు వందల ఒకటోదాన్ని కూడా అదే ఊపులో మూసేస్తుంది. అందుకే మంచి వ్యవస్థలు ప్రతి వింతకూ గంట కొట్టవు. చిన్న చిన్న వింతలకు పాయింట్లు వేసుకుంటూ, ఒకే ఖాతా మీద అవి పోగుపడినప్పుడు మాత్రమే మనిషిని లేపుతాయి.

అలవాటు కూడా నిలకడైంది కాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఉద్యోగులు డెస్క్‌టాప్‌లు ఇళ్లకు మోసుకొచ్చారు. అప్పటిదాకా ఆఫీసు చిరునామా నుంచి తొమ్మిదికి మొదలై ఆరుకు ముగిసిన ఖాతాలు, ఒక్క వారంలో లాలాపేట, మల్కాజిగిరి, ఖమ్మం, కాకినాడ ఇళ్ల నుంచి, పిల్లల్ని పడుకోబెట్టాక అర్ధరాత్రి దాకా నడవడం మొదలైంది. యంత్రం నేర్చుకున్నదంతా ఒక్కసారిగా పాతబడింది. మళ్లీ నేర్పక తప్పలేదు. ఇలా నేర్చుకుంటూ పోయే గుణాన్నే దొంగ కూడా వాడుకోగలడు. రోజుకు కొంచెం కొంచెంగా హద్దు జరుపుకుంటూ పోతే, అతని నడకనే యంత్రం ఆ ఖాతా నడకగా రాసుకుంటుంది. అందుకని నిన్నటి అలవాటుతో పాటు ఆరు నెలల కిందటి అలవాటును కూడా దగ్గర పెట్టుకుని పోల్చాలి. లాగులను కనీసం 180 రోజులు దాచాలని, చొరబాటు తెలిసిన 6 గంటల్లో చెప్పాలని మన దేశంలో సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశాలిచ్చింది. మంచి ఆదేశాలు. దాచిన లాగును చదివేవాళ్లు కూడా ఉండాలి.

మా వీధి అమ్మాయి ఒకామె సంక్రాంతికి సొంతూరు వెళ్లి, సెలవులోనూ ఒక పని మిగిలిపోయిందని రాత్రి పదకొండింటికి మేనమామ ఇంటి వైఫై నుంచి లాగిన్ అయింది. ఖాతా బిగుసుకుపోయింది. అక్కడి దాకా యంత్రం తన పని తాను చేసింది, తప్పు పట్టను. ఆమెను ఏడిపించింది మర్నాడు మేనేజర్ నుంచి వచ్చిన మెయిల్. "అనుమానాస్పద కార్యకలాపాలకు వివరణ ఇవ్వండి" అని ఉంది. "అంకుల్, నేనేదో దొంగతనం చేసినట్టు రాశారు. ఒక్క ఫోన్ చేసి అడిగితే సరిపోయేది కదా?" అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఆమె చెప్పింది నిజం.

యంత్రం పట్టుకునేది వింతను మాత్రమే. వింతకూ తప్పుకూ మధ్య ఉన్న దూరం దానికి తెలియదు, దాన్ని మనిషే నడవాలి. తల్లి ఆస్పత్రిలో ఉందని రాత్రిళ్లు పని చేసేవాళ్ల నడకా మారుతుంది, గర్భిణి నడకా మారుతుంది, ఉద్యోగం మారాలనుకునేవాడి నడకా మారుతుంది. ఇవన్నీ ఆ చిట్టాలో కనిపిస్తాయి. ఖాతా భద్రత కోసం పోగేసిన చిట్టాను ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో కొలవడానికి, ఎవరిని తీసేయాలో తేల్చడానికి వాడితే అది నమ్మకద్రోహం. గూఢచర్యం, నష్టం నుంచి కంపెనీని కాపాడుకోవడానికి ఉద్యోగుల సమాచారాన్ని వాడుకునే వీలు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం యజమానులకు ఇచ్చింది. ఏమి చూస్తున్నారో, ఎన్నాళ్లు దాస్తారో, ఎవరు చదువుతారో ఉద్యోగులకు ముందే చెప్పే మర్యాదను యజమానులే పాటించాలి. చెప్పి చేసిన కాపలాకు మనుషులు సహకరిస్తారు. చాటుగా చేసినదాన్ని తప్పించుకునే దారులు వెతుకుతారు.

ఉప్పల్, నాచారం దారుల్లో రోజూ క్యాబు ఎక్కే వాళ్లకు, బ్యాంకు కౌంటర్ల వెనక కూర్చునే వాళ్లకు ఒక మాట. ఏదో ఒక రాత్రి మీ కంపెనీ భద్రతా విభాగం నుంచి ఫోన్ రావచ్చు. "ఇప్పుడే మీ ఖాతా తెరుచుకుంది, అది మీరేనా?" అని అడగవచ్చు. పాస్‌వర్డో ఓటీపీయో అడిగితే పెట్టేసి, మీకు తెలిసిన ఆఫీసు నంబరుకు మీరే తిరిగి ఫోన్ చేయండి. అవేమీ అడగకపోతే విసుక్కోకండి, అనుమానించారని నొచ్చుకోకండి. తెరిచింది మీరైతే అవునని చెప్పి మళ్లీ పడుకోండి. మీరు కాకపోతే, తెల్లవారేదాకా ఆగకుండా ఆ క్షణమే "నేను కాదు" అని చెప్పండి.